పక్కింటివాళ్లకి ప్రభువు గురించి చెప్పాలంటే

మాది ఒంగోలు దగ్గర టంగుటూరు. వరండాలో మిషను వేసుకుని పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మా స్త్రీల సమాజంలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్న అమ్మాయి మొన్న అడిగింది: "ఆంటీ, పక్కింటోళ్లకి ప్రభువు గురించి ఎట్టా చెప్పాలి? నోరు తెరవాలంటేనే టెన్షన్ వస్తంది." ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మా వీధి చివర ఒకామె భర్త పోయిన మూడో రోజు వెళ్లి, బైబిలు తెరిచి, పునరుత్థానం గురించి అరగంట మాట్లాడాను. పాపం తలూపుతూనే కూర్చుంది. తర్వాత ఏడాదిపాటు జాకెట్లు వేరే చోట కుట్టించుకుంది. నేను చెప్పిన మాటలో తప్పు లేదు. కానీ ఆ ఇంట్లో మంచినీళ్ల టిన్ను ఖాళీ అయింది, పిల్లలు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. అదంతా నా కళ్లెదుటే ఉన్నా నాకు కనపడలేదు.

చావింట్లో పొయ్యి వెలగదు కదా. కాబట్టి తెల్లారే ఫ్లాస్కు నిండా కాఫీ, గ్లాసులు, ఇడ్లీలు పట్టుకెళ్లండి. తాగిన గ్లాసులు మీరే కడగండి. ఆమె పక్కన కూర్చోండి. "దేవుడి చిత్తం", "మంచి చోటికే పోయాడులే" లాంటి మాటలు వద్దు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసయ్య ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మనకి అంత తొందరేమిటి?

అసలు పని చుట్టాలంతా వెళ్లిపోయాక మొదలవుతుంది. మరణ ధ్రువపత్రం, వితంతు పింఛను దరఖాస్తు, బ్యాంకులో నామినీ కాగితాలు, ఇవన్నీ ఒక్కతే తిరగాలంటే ఆమెకి కాళ్లాడవు. ఊరి సచివాలయానికి తోడు వెళ్లండి. ఆధార్ జిరాక్సులు రెండు ఎక్కువే తీయించండి. క్యూలో నిలబడ్డప్పుడు ఆమె ఏది చెబితే అది వినండి. భర్త మీద కోపం చెప్పినా సరే, వినండి.

ప్రార్థన సంగతి. "మీ కోసం ప్రార్థన చెయ్యమంటారా?" అని అడగండి. సరేనంటే అక్కడే రెండు నిమిషాలు, ఆమె పేరు పెట్టి, ఆమె కష్టం చెప్పి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెయ్యండి. కూడికల్లో వాడే పెద్ద పెద్ద మాటలు చర్చి గడప తొక్కని మనిషికి అర్థం కావు. వద్దంటే నవ్వి ఊరుకుని, ఇంటికొచ్చి చేసుకోండి. ఇంకోటి, ఆమె మీతో చెప్పుకున్నది శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన మనవిగా ఎత్తొద్దు. అట్టా ఊరంతా పాకిన సంసారాల సంగతులు నాకు బాగా తెలుసు.

సాయానికి, చర్చికి ముడి పెట్టొద్దు. ఈ విషయంలో మాకు క్లౌ దొరే గుర్తొస్తాడు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీగా ఉన్న ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని, కూలి ఇచ్చాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మావాళ్లు ఆ అంకె చెప్పుకుని మురిసిపోతారు. నాకు మాత్రం ఆయన ఆపి ఉంచిన నెలలే పెద్దవిగా అనిపిస్తాయి.

పండగలప్పుడు పేచీ పెట్టుకోకండి. సంక్రాంతికి పక్కింటి వదిన అరిసెలు పంపుతుంది. "దేవుడికి పెట్టకముందు తీసినవి ఉంటే ఇయ్యి వదినా" అని మొదటి ఏడే అడిగాను. అప్పటి నుంచి ఆమే విడిగా తీసి ఉంచుతుంది. దీని మీద మా సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి, మీ మనస్సాక్షి మీది. వాళ్ల దేవుళ్లని మాత్రం ఒక్క మాట అనొద్దు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదంటారు కాబట్టి క్రిస్మస్‌కి ఆ గిన్నెలోనే కేకు పెట్టి పంపుతాను. కేకు కింద కరపత్రం పెట్టను.

మీ పని కూడా ప్రభువు గురించి చెప్పే సాక్ష్యమే. నా మటుకు నాకు, మిగిలిన గుడ్డముక్క తిరిగి ఇవ్వడం, చెప్పిన రోజుకి జాకెట్టు అందించడం. రెండోది ఇంకా సరిగా చేతకాలేదు, పెళ్లిళ్ల సీజన్లో మరీ.

ఇవన్నీ చేస్తూ పోతే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అడుగుతారు, "నీకింత నిబ్బరం ఎట్టా వచ్చింది?" అని. దానికి ముందే సిద్ధంగా ఉండమని పేతురు పత్రికలో ఉంది, సాత్వికంగా చెప్పమని కూడా ఉంది. ఐదు నిమిషాల్లో మీ కథే చెప్పండి. నాదైతే ఇదీ: మా ఆయన పొగాకు బ్యారన్లో కర్రలెక్కిస్తూ జారిపడి ఆరు నెలలు మంచాన ఉన్నాడు. లేచి నడుస్తాడన్న ధైర్యం నాకు లేదు. నడవకపోయినా ప్రభువు మమ్మల్ని వదలడన్న ధైర్యం ఉంది. బైబిల్లో నిరీక్షణ అనే ఆశ అంటే నాకు తెలిసింది అదే. ఇప్పుడు కుంటుతూ నడుస్తున్నాడు. అందుకే ఎవరికీ "ప్రార్థన చేస్తే తగ్గిపోద్ది" అని మాటివ్వను. మీరూ ఇవ్వొద్దు.

వీధి చివరామె ఏడాది తర్వాత వచ్చింది. క్షమించమన్నాను. "పోనీలే అక్కా" అని బ్లౌజు పీసు చేతిలో పెట్టింది. చర్చికి ఇంతవరకు రాలేదు. మొన్న దసరాకి రెండు జాకెట్లు ఇచ్చింది, ఒకదానికి ఇంకా హుక్కులు వెయ్యాలి.