మూడింటికి మెలకువ వస్తే

ఆరు నెలలు రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. ఫోన్ పట్టుకుంటే ఐదైపోయేది, పగలంతా కళ్లు మంటలు.

ఇప్పుడు మళ్లీ నిద్ర పడుతుందేమోనని ఓ 20 నిమిషాలు చూసి (గడియారం చూడను, అంచనాయే) లేచి వంటింట్లోకి వెళ్తాను. జీరో బల్బు చాలు. వెలుతురు ఎక్కువైతే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గిపోతుంది. కింద కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తాను, లేదా చింతపండులో గింజలు తీస్తాను. చేతులకు పని, బుర్రకు విశ్రాంతి. రేపటి పనులు గుర్తొస్తే కాగితం మీద రాసి వదిలేస్తాను. డబ్బు లెక్కలు మాత్రం ఆ వేళ ముట్టుకోకండి, ఉన్న నిద్రా పోతుంది. ఆవలింత రాగానే మళ్లీ మంచమెక్కుతాను.

ఎప్పుడు పడుకున్నా ఆరింటికే లేస్తున్నాను. సాయంత్రం కాఫీ మానేశాను. తాగిన ఐదారు గంటలకు కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుందట. నెల తిరిగేసరికి వారంలో నాలుగు రాత్రులు తెల్లారేదాకా మెలకువే రాలేదు.