జీప్ రాంగ్లర్ పని మన చేతుల్తోనే – 4వ పాఠం: స్వే బార్ డిస్‌కనెక్టులు బిగించడం

స్వే బార్ అంటే మలుపుల్లో బండి పక్కకి ఒరగకుండా రెండు ముందు చక్రాల్నీ ముడిపెట్టే ఉక్కు కడ్డీ. ట్రయిల్ మీద, అంటే రాళ్ల దారిలో, చక్రాలు విడివిడిగా పైకీ కిందికీ ఆడాలంటే దాన్ని విడదీయాలి. పిన్ను లాగితే ఊడొచ్చే లింకులే డిస్‌కనెక్టులు. పాత లింకులు విప్పి కొత్తవాటికి కొలత తీసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే: "కుడి లింకు బాగానే కూర్చుంది, ఎడమది మాత్రం అర అంగుళం పొడుగు అడుగుతోంది, ఏం చేయాలి?" బార్ వంగిపోయిందనుకుని కొత్త బార్ కొనబోయినవాళ్లూ ఉన్నారు. డబ్బు దాచుకోండి. బార్‌కి ఏమీ కాలేదు. మీ బండి వాలు మీద నిలబడి ఉంది, లేదా జాకీ మీద వేలాడుతోంది.

ఈ విషయం తేలకుండా ముందుకు వెళ్లడం దండగ. స్వే బార్ ఛాసిస్‌కి (బండి చట్రానికి) బిగించి ఉంటుంది, దాని రెండు చేతుల (కొసల) నుంచి లింకులు కిందికి దిగి ఆక్సిల్‌ని (ఇరుసుని) పట్టుకుంటాయి. అంటే లింకు పొడవు ఎంత ఉండాలో తేల్చేది ఛాసిస్‌కీ ఆక్సిల్‌కీ మధ్య దూరం. ముందు చక్రాలు గాల్లో ఉంటే ఆక్సిల్ కొన్ని అంగుళాలు కిందికి జారుతుంది. ఆ స్థితిలో బార్ చేతుల్ని నేలకు సమాంతరంగా పెట్టి లింకు సర్దితే, బండి దించగానే అవి ఆకాశం వైపు చూస్తాయి. లింకు మరీ పొట్టిదైతే ఇంకో చిక్కు. చక్రం బాగా కిందికి దిగినప్పుడు లింకూ బార్ చెయ్యీ ఒకే గీతలోకి వచ్చి, చెయ్యి అవతలి వైపుకి తిరగబడుతుంది. చక్రం తిరిగి పైకి లేచేసరికి అది వెనక్కి రాదు, లింకు వంగుతుంది.

అందుకని బండి నాలుగు టైర్ల మీద, సమతలంగా ఉన్న నేల మీద నిలబడాలి. వర్షపు నీరు పోవడానికి డ్రైవ్‌వేని ఎలాగూ వాలుగానే పోస్తారు కాబట్టి అక్కడ కొలవకండి. గ్యారేజీ నేల కూడా తలుపు వైపు కొద్దిగా వాలి ఉంటుంది, స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకోండి. విడిభాగాల దుకాణం పార్కింగ్ లాట్లో ఒక చదునైన మూల దొరికితే అదే నయం. విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) బంపర్ వేయించాలనుకుంటే ముందు అది వేయించండి. ఆ బరువుకి స్ప్రింగులు కూర్చున్నాకే కొలవాలి. లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే సెట్టు) కొత్తదైతే కొన్ని రోజులు తిప్పి స్ప్రింగుల్ని సర్దుకోనివ్వండి. డిక్కీలో నెలనెలా మోసే పచారీ సంచులు, క్రికెట్ కిట్ తీసేయండి. ట్రయిల్ మీద మోసే రికవరీ సామాను మాత్రం ఉంచండి.

లింకు పొడవు రెండు వైపులా ఒకటే ఉండాలి. ఒక కొసన ఉన్న కన్ను (బోల్టు దూరే రంధ్రం) మధ్య నుంచి రెండో కంటి మధ్యకు టేపుతో కొలిచి చూసుకోండి. ఒక వైపు సరిగ్గా వచ్చి రెండో వైపు రాలేదంటే, ఎక్కువసార్లు తప్పు నేలదే.

ఇక బిగించడం. రూబికాన్ మోడల్ ఉన్నవాళ్లు ఈ పాఠం వదిలేయొచ్చు. మీకు డాష్‌బోర్డు మీద బటన్ ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్‌లో నొక్కితే బార్ రెండు ముక్కలుగా విడిపోతుంది. గంటకు 18 మైళ్లు దాటితే దానంతటదే మళ్లీ కలుస్తుంది. మిగతా జేకే రాంగ్లర్లకు (2007 నుంచి 2018 వరకు వచ్చిన తరం) 18 ఎంఎం సాకెట్టు, రెంచి చాలు. బండిని జాకీ ఎక్కించాల్సిన పనే లేదు. కింద దూరడానికి చోటుంటుంది. స్టీరింగ్ ఒక వైపుకి పూర్తిగా తిప్పితే రెంచి ఆడుతుంది. పొడవు సర్దేటప్పుడు మాత్రం చక్రాలు తిన్నగా ఉండాలి.

నట్టుతోపాటు స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) కూడా తిరిగిపోతోందని న్యూజెర్సీ, మిషిగన్ వైపు నుంచి ఎక్కువగా అడిగారు. అక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి పట్టిన తుప్పు చలవ అది. ముందు రోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేయండి. అయినా కదలకపోతే నేను గ్రైండర్ అందుకుంటాను. ఎలాగూ పారేసే లింకే కదా, దాంతో కుస్తీ ఎందుకు? పక్కన ఉన్న బ్రేక్ హోసుకి తడిగుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కోయండి.

రెండు వైపులా పాత లింకులు తీశాకే కొత్తవి ఎక్కించండి. ఆక్సిల్ బ్రాకెట్‌కి కొత్త స్టడ్, బార్‌కి లింకు పై కన్ను. మొదట అన్నీ వేలితో తిప్పేంత వదులుగా ఉంచండి. పొడవు కుదిరాక జామ్ నట్ (ఆ పొడవు జరగకుండా పట్టే నట్టు) బిగించేటప్పుడు ఒక చిన్న దొంగదెబ్బ ఉంది. నట్టు తిరుగుతూ తనతోపాటు కంటిని కూడా కాస్త మెలిపెడుతుంది. కంట్లో ఒక స్క్రూడ్రైవర్ దూర్చి కదలకుండా పట్టుకోండి. మెలిపడిన లింకు పిన్ను ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. చివరి బిగింపు కిట్‌తో వచ్చిన కాగితంలో రాసిన టార్కుకే (బిగింపు బలానికే), అదీ బండి నేల మీద ఉండగానే. బండి వేలాడుతుండగా బిగిస్తే, దించినప్పుడు రబ్బరు బుష్‌లు మెలిపడి త్వరగా చిరుగుతాయి. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. మర్నాడు గీత జరిగితే నట్టు కదిలినట్టే.

కిట్‌తో వచ్చే సన్నటి హెయిర్‌పిన్ క్లిప్పులంటే నాకు నమ్మకం లేదు. బురదలో ఒకటి పడిపోయిందంటే వెతకడం వృథా. రెండు జతలు అదనంగా కొని, చిన్న ఉక్కు తీగతో లింకుకి కట్టుకోండి.

విప్పేది ట్రయిల్ మొదట్లో, చదునైన చోట, రెండు వైపులా. బండి మెలిదిరిగి రాయి మీద ఉన్నప్పుడు పిన్ను రాదు, సుత్తితో కొట్టినా రాదు. ఒక పక్కే విప్పి వదిలేస్తే ఆ కొస ఊగుతూ బ్రేక్ హోసునో టైరునో తాకుతుంది. విప్పిన బార్‌ని పైకి తిప్పి, ఛాసిస్‌కి ఇచ్చిన బ్రాకెట్లో గట్టిగా నిలపాలి. రోడ్డెక్కే ముందు మళ్లీ తగిలించాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

అభ్యాసం: బార్ విప్పి, పైకి కట్టేసి, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు. తర్వాత ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి రెండో దాన్ని కిందికి వేలాడనివ్వండి. బ్రేక్ పెడల్ నొక్కి పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టాలి. ఇప్పుడు వేలాడుతున్న వైపు బ్రేక్ హోసు, ఏబీఎస్ తీగ ఎంత వదులుగా ఉన్నాయో వేలితో లాగి చూడండి. తీగలా బిగుసుకుని ఉంటే పొడుగు హోసులు వేసేదాకా ట్రయిల్ ఆలోచన మానుకోండి. చివరిగా రాత్రి పూట, తలకి లైటు కట్టుకుని, చేతికి గ్లవ్స్ తొడుక్కుని రెండు వైపులా విప్పి తగిలించండి. పదిహేను నిమిషాల్లోపు అయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయండి. చిత్రం తీసి పంపేవాళ్లు పిన్ను, క్లిప్పు, పెయింట్ గీత మూడూ కనబడేలా తీయండి.

బంప్ స్టాపులు (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే దిమ్మలు) వచ్చే పాఠంలో.