మనతో మనం మాట్లాడుకోవడం – 3వ పాఠం: మనసు కాదనలేని మాట

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? భయం వేసినప్పుడల్లా లోపల ఏమనుకున్నారో ఉన్నదున్నట్టు కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు నాలుగు రోజులు రాసి అప్పుడు రండి, తొందరేమీ లేదు.

అందులో తిట్ల కంటే వెటకారమే ఎక్కువ ఉంటుందని నా అనుమానం. గోదావరి జిల్లాల వాళ్లం కదండీ, ఎదుటివాణ్ణి వదలం, మనల్ని మనమూ వదలం. “ఆయ్, బయల్దేరాడండి మొనగాడు!” “నీ మొహానికి ఇంగ్లీషొకటి!” నలుగురిలో అయితే నవ్వేసి ఊరుకుంటాం. ఇంటర్వ్యూ గది బయట ఒక్కరమే కూర్చున్నప్పుడు అదే మాట లోపల వినిపిస్తే కాళ్లు వణుకుతాయి.

దీనికి చాలామంది చెప్పే ఉపాయం, అద్దం ముందు నిలబడి “నేను గొప్పవాణ్ణి” అని పదే పదే అనుకోమని. మనం ఆ పని చెయ్యం. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ బృందం ఇలాంటి వాక్యాలను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది. తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు ఆ మాట అనుకున్నాక ఇంకా డీలాపడ్డారు. నమ్మకం ముందే ఉన్నవాళ్లకు మాత్రం కాస్త మేలు జరిగింది. మందు ఎవరికి కావాలో వాళ్లకే పడలేదన్నమాట. పెద్ద మాట అనగానే లోపలున్న వెటకారం లేచి “నిజమేనా?” అంటుంది మరి.

ఆ వెటకారం నోరెత్తలేనిది ఒక్కదాని ముందే, నిజంగా జరిగిన సంగతి ముందు. దాన్ని సాక్ష్యం అందాం.

సాక్ష్యం ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. భీమవరం వైపు రొయ్యల రైతు ఒకాయన అప్పు కోసం బ్యాంకుకు వెళ్లాలనుకోండి. మేనేజరు ముందు నోరు పెగలదని ఆయన భయం. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటరు వేసి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిప్పి చెరువు కాపాడుకున్న మనిషే. గొప్ప పనే, కానీ బ్యాంకులో మాట్లాడటానికి అది దూరపు సాక్ష్యం. దగ్గరిది వేరే ఉంది. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, గట్టు మీద నిలబడి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు కోసం కొనేవాడితో గట్టిగా బేరమాడతాడు. సీడుకెంత (రొయ్య పిల్లలకన్నమాట), మేతకెంత, డీజిలుకెంత అయిందో కాగితం చూడకుండా చెబుతాడు. మేనేజరు అడిగేదీ ఆ లెక్కలే కదా! మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే చెప్పాడు, ఒక పని చేయగలమన్న నమ్మకానికి అన్నిటికంటే బలమిచ్చేది స్వయంగా చేసి నెగ్గిన అనుభవమేనని. ప్రోత్సాహపు మాటల బలం దాని తర్వాతే. కాబట్టి పుస్తకం తెరవకుండా పరీక్షకు వెళ్లేవాడికి ఈ పాఠం ఎందుకూ పనికిరాదు.

ఇక ఆ మాటను ఎలా అనుకోవాలి? “నేను” అని కాకుండా పేరు పెట్టి పిలుచుకోండి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమను తాము పేరుతోనో “నువ్వు” అనో పలకరించుకున్నవాళ్లు తక్కువ కంగారుపడ్డారు, ప్రసంగమూ మెరుగ్గా చేశారు. ఇంట్లో పిలిచే ముద్దుపేరైతే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం.

అమలాపురం నుంచి కాకినాడకు ఇంటర్వ్యూకి వెళ్లే అమ్మాయిని ఊహించుకోండి. ముమ్మిడివరం దాకా బాగానే ఉంటుంది. బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కి, అవతల యానాం కనిపించేసరికి కడుపులో తిప్పడం మొదలవుతుంది. అప్పుడు అనుకోవాల్సింది ఇది: “బుజ్జీ, నిరుడు కాలేజీలో సెమినార్ చెప్పావు. మొదట గొంతు వణికింది, తర్వాత కుదురుకుంది. ఇవాళ కూడా మొదటి జవాబు నిదానంగా చెప్పు.” గొంతు వణికిన సంగతి దాచలేదు చూడండి. దాస్తే వెటకారానికి సందు దొరుకుతుంది. చివర్లో ఉన్నది వెంటనే చేయగలిగిన చిన్న పని.

గుండె దడ ఆగాలని మాత్రం పట్టుబట్టకండి. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, “ప్రశాంతంగా ఉన్నాను” అనుకున్నవాళ్ల కంటే “ఉత్సాహంగా ఉంది” అనుకున్నవాళ్లే బాగా మాట్లాడారు. టెన్షన్‌ని హుషారు అనుకుంటే సరి.

ఈ వారం పని: కాగితంలో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన మాట ఒక్కటి తీసుకోండి. దాని కింద మీ పేరు, దగ్గరి సాక్ష్యం, చేయబోయే చిన్న పని కలిపి రాయండి. కాలవ గట్టు మీద నడుస్తూ పైకే చదవండి. ఎవరైనా చూస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి, ఎవరూ అనుమానించరు. చదువుతుంటే లోపల “నిజమేనా?” అని వినిపిస్తే సాక్ష్యం మార్చండి. వచ్చే పాఠంలో, పెళ్లిళ్లలో చుట్టాలు వేసే ప్రశ్నల సంగతి చూద్దాం.