పొడవాటి ట్రైనింగ్ తాడుకు నవారు చాలు

కుక్కకి పిలిస్తే రావడం నేర్పే క్లాసుకి పొడవాటి తాడు తెమ్మంటారు. షాపులో దాని ధర అడిగితే ప్రాణం ఉసూరుమంటుంది. పోనీ అని సన్న నైలాన్ తాడు కొంటే, కుక్క ఒక్క ఉరుకు ఉరికిందా, అరచెయ్యి ఒరుసుకుపోతుంది.

మంచానికి అల్లే కాటన్ నవారు తీసుకోండి. అంగుళం వెడల్పు, 15 అడుగులు. వైజాగ్‌లో పూర్ణా మార్కెట్ వైపు వెళ్లినప్పుడు అడగండి. ఒక చివర, కుక్కకి తగిలించే హుక్కులోంచి దూర్చి, మూడంగుళాలు మడిచి, చెప్పులు కుట్టేవాళ్ల చేత చదరంగా కుట్టించి మధ్యలో అడ్డకుట్లు వేయించండి. రెండో చివర ఉచ్చు వద్దు, దేనికైనా తగులుకుంటుంది. ముడి చాలు.

హుక్కు ఇత్తడిదే మేలు. మన వైజాగ్ ఉప్పుగాలికి ఇనుము ఎంతకాలం ఆగుతుందో బాల్కనీ గ్రిల్స్ చూస్తే తెలుస్తుంది! కొనేటప్పుడు చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే పైపూత కింద ఇనుము ఉన్నట్టే. అంటుకోనంత మాత్రాన ఇత్తడి అని కాదు, జింకు మిశ్రమమూ అంటుకోదు. చేతికి మరీ తేలిగ్గా ఉంటే వదిలేయండి.

ఈ తాడుని మెడపట్టీకి తగిలించకండి. పరుగు మీద తాడు బిగిస్తే దెబ్బంతా మెడకే. ఛాతీకి వేసే హార్నెస్‌కి, వీపు మీదున్న రింగుకే తగిలించాలి. బాగా ఎదిగిన, బలంగా లాగే కుక్కకి నవారుని నమ్ముకోవద్దు. సాయంత్రం ఆర్కే బీచ్ రద్దీలో అసలే వద్దు, జనం కాళ్లకు చుట్టుకుంటుంది. తడిస్తే పూర్తిగా ఆరబెట్టండి, లేకపోతే కుట్టు దగ్గరే చివికిపోతుంది.