ఆదివారం చూసి అడ్వాన్స్ ఇవ్వకండి: పిల్లలతో హైదరాబాద్ శివార్లకి వచ్చేవాళ్లు ఏరియా ఎంచుకోవడం ఎలా

బదిలీ మీద హైదరాబాద్ వచ్చేవాళ్లలో చాలామంది ఒక ఆదివారం దిగి, నాలుగు టులెట్ ఇళ్లు చూసి, నచ్చినదానికి అడ్వాన్స్ ఇచ్చి సాయంత్రానికి బస్సెక్కేస్తారు. ఆ రోజు నిజాంపేట రోడ్డు ఖాళీగా ఉంటుంది, బాచుపల్లి నుంచి హైటెక్ సిటీ ఎంతో దూరం కాదనిపిస్తుంది. సోమవారం పొద్దున అదే రోడ్డు మీద నిలబడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

వెతకాల్సిన వరస ఇది: ముందు బడి, తర్వాత నీళ్లు, ఆపైన ఆఫీసు దారి, చివర్లో ఇల్లు. జనం దీన్ని తిరగేస్తారు. ఆఫీసు దగ్గరని ఇల్లు తీసుకుని, తర్వాత సీటు దొరికిన స్కూలుకి పిల్లల్ని బస్సెక్కిస్తారు. ట్రాఫిక్‌లో గంట కూర్చోవడం పెద్దవాళ్లకి విసుగు, అంతే. ఒకటో తరగతి పిల్లకి మాత్రం అది నిద్రలోంచీ ఆటలోంచీ కోత.

సీటు ఖాయంగా దొరికే స్కూళ్లు మూడు నాలుగు మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, ఒక్కోదాని చుట్టూ నాలుగైదు కిలోమీటర్ల లోపే ఇల్లు వెతకండి. స్కూల్లో "మా ఏరియాకి బస్సుందా" అని అడిగితే ఉందనే అంటారు. "మా స్టాపు రూటులో ఎన్నోది? ఎన్నింటికి వస్తుంది?" అని అడగండి. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా, మీది మొదటి స్టాపయితే బస్సు ఊరంతా తిరిగాకే స్కూలు చేరుతుంది. చిన్న పిల్లలకి అరగంట, హైస్కూలు పిల్లలకి ముప్పావుగంట దాటితే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది.

గోడ మీద "సీబీఎస్ఈ కరికులం" అని రాసుకున్నంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు. అఫిలియేషన్ నంబరు అడిగి, సీబీఎస్ఈ వారి సరస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఏ తరగతి దాకా ఇచ్చారు, ఏ అడ్రసుకి ఇచ్చారు అనే రెండూ ముఖ్యం. గుర్తింపు క్యాంపస్‌కి ఇస్తారు గానీ స్కూలు పేరుకి కాదు. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ దగ్గరికి వచ్చాక "వేరే బ్రాంచి పేరు మీద రాయిస్తాం" అంటే అప్పుడు చేయగలిగింది తక్కువ. బెంగళూరు నుంచో అమెరికా నుంచో వస్తున్నవాళ్లు ఇంకోటి గమనించాలి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరి. పిల్లలకి అక్షరాలు రాకపోతే స్కూలు ఏం ఏర్పాటు చేస్తుందో ముందే అడగండి.

ఇక నీళ్లు. శివార్లలో కాపురం బాగుంటుందా లేదా తేల్చేది ఇదే. ఓనర్‌ని అడిగితే "మంజీరా ఉంది, బోరుంది, ఇరవై నాలుగు గంటలూ నీళ్లే" అంటారు (మంజీరా అంటే ఇక్కడ జలమండలి కుళాయి నీళ్లు). అది అబద్ధం కాకపోవచ్చు, డిసెంబరులో నిజమే అయివుంటుంది. మీకు కావలసింది మే నెల సంగతి. వాచ్‌మన్‌ని, ఎదురు కిరాణా కొట్టాయనని అడగండి. అసోసియేషన్ ఉంటే మెయింటెనెన్స్ లెక్కలు డిసెంబరువీ, మే నెలవీ పక్కపక్కన పెట్టి చూపించమనండి. తేడా ఎక్కువగా ట్యాంకర్ల పద్దులోనే కనిపిస్తుంది.

లెక్క సులభమే. మనిషికి రోజుకి 135 లీటర్లు అనుకుంటే నలుగురున్న ఇంటికి 540. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి రోజుకి దాదాపు 11 వేల లీటర్లు. బోరు ఎండిపోయి, మంజీరా కూడా రాకపోతే, 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకి రెండు తెచ్చినా చాలీచాలకుండానే ఉంటుంది. అంటే నెలకి ఒక్కో ఫ్లాటు వాటాకి మూడు ట్యాంకర్లు. ఆ ఏరియాలో ట్యాంకర్ ధర కనుక్కుని, మూడుతో హెచ్చవేసి, వేసవి అద్దెకి కలుపుకోండి. రోజు విడిచి రోజు మంజీరా వచ్చే చోట సంప్ (నేల కింది నీళ్ల తొట్టి) రెండు రోజుల వాడకానికి సరిపడా, ఇంతమందికయితే 20 వేల లీటర్ల పైమాటే, ఉండాలి. మూత తీయించి చూడటానికి మొహమాటపడొద్దు.

బాత్రూంలో షవర్ తల దగ్గరగా చూడండి. సగం రంధ్రాలు తెల్లగా పూడుకుపోయి, కుళాయి మొదట్లో సున్నం పెచ్చు కట్టి ఉంటే అది కఠిన జలం. గీజర్ కాయిల్ తొందరగా పోతుంది, బట్టలు బిరుసెక్కుతాయి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే చవక టీడీఎస్ మీటర్ ఒకటి జేబులో వేసుకుంటే ఇంకా నయం. తాగే నీటికి ఆ అంకె 500 లోపు మంచిదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. వేరే నీటి ఆధారం లేనప్పుడే 2,000 దాకా సరిపెట్టుకోవాలంటుంది.

ఎండాకాలం ఒక పరీక్షయితే వానాకాలం ఇంకోటి. 2016 సెప్టెంబరులో నిజాంపేట బండారి లేఅవుట్ మునిగింది, 2020 అక్టోబరులో నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. చెరువు ఎఫ్‌టీఎల్, అంటే నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, ఎంతవరకో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులున్నాయి. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. అద్దెకే కదా అనుకోవద్దు, నీళ్లకి ఓనరూ అద్దెకున్నవాళ్లూ తేడా లేదు. కొనేవాళ్లయితే 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక జరిగిన కూల్చివేతలు గుర్తుంచుకోవాలి. మ్యాపు అర్థం కాకపోతే వీధి చూడండి. కాంపౌండ్ గోడ కింద సగానికే కొత్త రంగు, సెల్లార్‌లో కరెంటు మీటర్లు మనిషెత్తుకి జరిపి ఉండటం, గేటు దగ్గర ర్యాంపుకి అడ్డంగా కొత్తగా పోసిన సిమెంటు గట్టు, ఇలాంటివి కనిపిస్తే వానాకాలం ఎలా గడిచిందో పక్కింటివాళ్లని అడగాల్సిందే.

ఆఫీసు దారి విషయంలో మెట్రో మ్యాపు మోసం చేస్తుంది. మియాపూర్‌కి, హైటెక్ సిటీకి రెండింటికీ మెట్రో ఉంది గానీ, ఎర్ర లైన్‌లో అమీర్‌పేట దాకా వెళ్లి, నీలం లైన్ మారి వెనక్కి రావాలి. అదే ఉప్పల్, నాగోల్ దూరమైనా రాయదుర్గం దాకా ఒకే బండి. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయితే రాయదుర్గంలో దిగాక బస్సో క్యాబో తప్పదు. కొంపల్లి వైపు నుంచి కండ్లకోయ దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి వెళ్లొచ్చు, అయితే రానూపోనూ టోల్, పెట్రోలు నెల లెక్క వేసి అద్దెలో కలపండి. చౌక అద్దె అప్పుడు అంత చౌకగా ఉండదు.

నచ్చిన ఏరియాకి పని దినాన మూడుసార్లు వెళ్లండి. పొద్దున ఏడున్నరకి స్కూలు బస్సుల వేళ, సాయంత్రం ఆరున్నరకి, రాత్రి పదకొండుకి. సాయంత్రం పిల్లలు బయట ఆడుతున్నారా, పార్కు గేటుకి తాళముందా, వీధి దీపాలు వెలుగుతున్నాయా, కుక్కల గుంపులు ఎక్కడ చేరుతున్నాయి, ఇవన్నీ పది నిమిషాల నడకలో తెలిసిపోతాయి. రాత్రి వెళ్లేది వాసనల కోసం. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల దమ్మాయిగూడ వైపు, జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామికవాడల దగ్గర కాలనీల్లో పగలు లేని వాసన గాలి మళ్లితే రాత్రి వస్తుంది. అర కిలోమీటరు లోపు ఫంక్షన్ హాలుంటే ముహూర్తాల సీజన్లో బరాత్ డీజేలు పిల్లల్ని పడుకోనివ్వవు, పరీక్షలకి చదవనివ్వవు. పిల్లల డాక్టరు దగ్గర్లో ఉంటే చాలనుకోకండి, అర్ధరాత్రి తెరిచి ఉండే ఆసుపత్రికి ఎన్ని నిమిషాలో చూసుకోండి.

ఇవన్నీ తేలాక ఇల్లు. కొనే ఆలోచనున్నా ముందు అద్దెకే దిగండి, ఒక మే నెల, ఒక సెప్టెంబరు చూశాక కొనుక్కోవచ్చు. అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. సంతకం పెట్టేముందు మూడు మాటలు అందులో ఉండేలా చూడండి: ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిందా, విడిగానా, ఖాళీ చేయడానికి నోటీసు ఒక నెలా, రెండా, పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లోంచి ఎంత పట్టుకుంటారు. నోటిమాటగా "అదేం లేదులెండి" అన్న ఓనరే ఖాళీ చేసే రోజు నెల అద్దె కోసేస్తారు.