విశాఖ నుంచి వ్యవసాయ ఇంజనీరింగ్‌లోకి: గ్రూపు ఎంపిక నుంచి ఉద్యోగం దాకా

వ్యవసాయ ఇంజనీరింగ్ అనగానే చాలా ఇళ్లలో బీఎస్సీ అగ్రికల్చర్ అనుకుంటారు. ఆ పొరపాటు ఇంటర్ గ్రూపు దగ్గరే సీటు పోగొడుతుంది. బీఎస్సీ అగ్రికల్చర్‌కి బైపీసీ కావాలి. పంట, నేల సారం, చీడపీడలు దాని విషయం. బీటెక్ వ్యవసాయ ఇంజనీరింగ్‌కి ఎంపీసీ కావాలి. ట్రాక్టరు, పంపు, కాలువ, డ్రిప్, డ్రయ్యరు, గిడ్డంగి దీని పని. 'వ్యవసాయమే కదా, తేలిగ్గా ఉంటుంది' అని లెక్కలంటే భయపడే పిల్లల్ని ఇందులో చేర్పించకండి. ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, సర్వేయింగ్ అన్నీ చదవాల్సిందే.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బాపట్లలో, మడకశిరలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ ర్యాంకుతోనే సీట్లిస్తారు. ర్యాంకు వచ్చింది కదా అని మామూలు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఒక్కటే నమ్ముకుని కూర్చోవద్దు. విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. ఫలితాలు రాగానే వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసిపెట్టుకోండి.

పదో తరగతి తర్వాత అయితే ఇదే విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లలో మూడేళ్ల వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమా ఉంది. అది పూర్తి చేసినవాళ్లు ప్రత్యేక ప్రవేశ పరీక్ష రాసి బీటెక్‌లోకి రావచ్చు. ఇంట్లో డబ్బుకి ఇబ్బందిగా ఉంటే ఇదే మేలైన దారి. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసేవాళ్లు ఐఐటీ ఖరగ్‌పూర్ వ్యవసాయ, ఆహార ఇంజనీరింగ్ విభాగాన్ని తేలిగ్గా తీసిపారేయొద్దు. ప్రైవేటు కళాశాలలో చేరేటప్పుడు మాత్రం ఫీజు కట్టేముందే ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు గురించి అడగండి. అది లేకపోతే పీజీ ప్రవేశాల్లో ఇబ్బంది రావచ్చు.

చదువులో నాలుగు దారులుంటాయి: యంత్రాలు, నేల–నీటి సంరక్షణ, సాగునీరు, పంట కోత తర్వాతి ప్రాసెసింగ్. రెండో ఏడాది అయ్యేసరికి ఒకటి మనసులో ఖాయం చేసుకుని, సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు దాని మీద పని చేయండి. విశాఖ పిల్లలకు ఇందులో మంచి వీలుంది. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం గానుగలు, పాడేరు కొండల్లో వాలు నేలలు వాన నీటికి కోసుకుపోవడం, పసుపు ఉడకబెట్టి ఆరబెట్టే పని, అరకు కాఫీ పల్పింగ్ (పండు తొక్క తీయడం), నగరంలోనే రొయ్యల ప్రాసెసింగ్, కోల్డ్ స్టోరేజీలు, అన్నీ దగ్గర్లోనే. బెల్లం పొయ్యి దగ్గర కిలో బెల్లానికి ఎంత చెరకు పిప్పి కాలుతోందో తూచి చూడండి. పిప్పి తడిగా ఉంటే వేడిలో కొంత ఆ తడి ఆవిరవడానికే పోతుంది. గాలి ఎక్కువగా లోపలికి వెళ్తే వేడి చిమ్నీలోంచి బయటికి పోతుంది. ఈ రెండింటిని కొలిచి చూపగలిగితే అదే ఒక ప్రాజెక్టు.

ఖర్చు లేకుండా చేయదగ్గ మరో పని డ్రిప్ పరీక్ష. కావాల్సినవి మిల్లీలీటర్ల గీతలున్న జాడీ, గిన్నెలు, ఫోన్‌లో గడియారం. తోటలో నాలుగు లేటరల్ పైపులు (మొక్కల వరుస వెంట డ్రిప్పర్లుండే సన్న పైపులు) ఎంచుకోండి: సబ్‌మెయిన్ (లేటరల్స్‌కి నీళ్లిచ్చే పెద్ద పైపు) మీద మొదటిది, మూడో వంతు దూరంలో ఒకటి, మూడింట రెండొంతుల దగ్గర ఒకటి, చివరిది. ఒక్కో పైపు మీద కూడా ఇలాగే నాలుగు చోట్ల డ్రిప్పర్లు తీసుకోండి. మొత్తం 16. ఒక్కో దాని కింద గిన్నె పెట్టి 6 నిమిషాలు పట్టండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరైతే 400 మి.లీ. రావాలి. తక్కువ నీళ్లిచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించి 100తో గుణించండి. మొత్తం సగటు 400, ఆ నాలుగింటిది 340 అయితే 85 శాతం. 90 దాటితే చాలా బాగున్నట్టు, 70కి తగ్గితే బాగుచేయాల్సిందే.

అసలు ఇంజనీరింగ్ ఆ అంకె తర్వాతే మొదలవుతుంది. అన్ని డ్రిప్పర్లూ తక్కువ ఇస్తుంటే ఫిల్టరో పంపో చూడాలి. పైపు చివరివే తక్కువైతే లేటరల్ మరీ పొడవైంది, లేదా చివర మట్టి పేరుకుంది. పైపు చివరి మూత (ఎండ్ క్యాప్) తీసి నీళ్లు వదలండి. అక్కడక్కడా తగ్గితే డ్రిప్పర్లు మూసుకుపోయాయి. తెల్లటి పొర ఉంటే లవణం, దానికి యాసిడ్ మందు. జిగట ఉంటే పాచి, దానికి క్లోరిన్. రెండూ ఒకేసారి కలపకండి, విషవాయువు వస్తుంది. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు.

పీజీకి గేట్‌లో 'ఏజీ' పేపరుంది: 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. మల్టిపుల్ చాయిస్‌లో తప్పు జవాబుకు మార్కు కోస్తారు, అంకె రాసే ప్రశ్నలకు కోత లేదు. యూనిట్ల మార్పిడి బాగా సాధన చేయండి. హెక్టారు–మిల్లీమీటరును ఘనపు మీటర్లలోకి మార్చడం దగ్గర (1 హెక్టారు మీద 1 మి.మీ. నీరంటే 10 ఘనపు మీటర్లు) మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. ఐకార్ పీజీ ప్రవేశ పరీక్ష కూడా రాయండి.

యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్‌లో ఈ బ్రాంచి లేదు. దాని కోసమని ఇందులో చేరొద్దు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌లో వ్యవసాయ ఇంజనీరింగ్ ఆప్షనల్ ఉంది, కానీ దాని పక్కన అగ్రికల్చర్ తీసుకోనివ్వరు. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టులకు ఈ డిగ్రీ సరిపోతుంది. శాస్త్రవేత్త కావాలంటే పీహెచ్‌డీ దాకా చదవాలి. ప్రైవేటులో డ్రిప్, ట్రాక్టరు, ఆహార ప్రాసెసింగ్ సంస్థలు ముందు ఊళ్లు తిరిగే పనే ఇస్తాయి. ట్రాక్టర్ల వైపు వెళ్లేవాళ్లు అనంతపురం దగ్గర గార్లదిన్నెలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థలో శిక్షణకు ప్రయత్నించండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మీ కొలతల నోటుబుక్కు, డ్రిప్ పరీక్ష చేసిన తోట పటం వెంట తీసుకెళ్లండి.