‘కమ్ అండ్ సీ’ చూడాలనుకుంటున్నారా? అయితే ఇలా చూడండి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆదివారం బిర్యానీ తిని కాళ్లు చాపుకుని చూసే సినిమా కాదు. రాత్రి పడుకునే ముందు అసలే వద్దు. మొదటిసారి నేను ఆ తప్పే చేశాను, పదకొండింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాటాక లేచి, వంటింట్లో లైటు వేసి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని చాలాసేపు అలా నిలబడిపోయాను. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టండి. రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది, అయిపోయేసరికి బయట ఇంకా వెలుతురుంటుంది, వీధిలోకి వెళ్లి నాలుగడుగులు వేయొచ్చు.

సోవియట్ సినిమా, 1985ది, దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్. వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, ఈ సినిమా తీసిన స్టూడియోల్లో ఒకటైన మోస్‌ఫిల్మ్ వాళ్లే తమ యూట్యూబ్ చానల్లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో పెట్టారు. 1943, రెండో ప్రపంచయుద్ధం, జర్మన్ల చేతిలో ఉన్న బెలారస్ (అప్పటి సోవియట్ దేశంలో ఒక భాగం). ఫ్ల్యోరా అనే పల్లెటూరి కుర్రాడు ఇసుకలో తవ్వి ఒక తుపాకీ సంపాదిస్తాడు, తల్లి నెత్తీనోరూ కొట్టుకుంటున్నా వినకుండా జర్మన్ల మీద పోరాడే గెరిల్లా దళంలోకి వెళ్లిపోతాడు. ఇంతవరకు తెలిస్తే చాలు, మిగతా కథ ఎక్కడా చదవకండి (ఇది చదివాక!).

ఫోన్‌లో చూసేవాళ్లకి ఒక మాట. తెర దాదాపు చదరంగా ఉంటుంది, ఫోన్ అడ్డంగా తిప్పితే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి. వెంటనే రెండు వేళ్లతో జూమ్ చేసి తెర నింపేస్తాం కదా, ఇక్కడ అది చేయకండి, నుదుళ్లూ గడ్డాలూ ఎగిరిపోతాయి. ఈ సినిమాలో సగం కథ మొహాల్లోనే ఉంది, మనుషులు నేరుగా కెమెరాలోకే చూస్తారు, మీకేసే చూస్తున్నట్టుంటుంది.

చెవులకి మాత్రం మంచి హెడ్‌ఫోన్స్ ఉండాల్సిందే. దీపావళికి చెవి పక్కనే లక్ష్మీబాంబు పేలితే కాసేపు అన్నీ నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు ఉండి, మధ్యలో సన్నగా ఒక కూత మోగుతుంటుంది చూడండి, అడవిలో బాంబులు పడ్డాక ఫ్ల్యోరా చెవులకీ అదే అవుతుంది. తమాషా ఏంటంటే మనకీ అలాగే వినిపిస్తుంది. పక్కనున్న గ్లాషా అనే అమ్మాయి పెదాలు కదులుతుంటాయి, మాట తెలియదు, ఆ కూత ఆగదు. మొదట్లో నేను హెడ్‌ఫోన్స్ పాడయ్యాయేమోనని తీసి చూసుకున్నాను. మీరు సౌండ్ తగ్గించకండి.

ఇక అసలు విషయం. యుద్ధ సినిమా అనగానే మన కళ్లు కాల్పుల కోసం వెతుకుతాయి, అలవాటు అలాంటిది. ఇందులో రెండు పక్షాలూ ఎదురెదురుగా కాల్చుకునే పోరు దొరకదు. జర్మన్ల మీద గెరిల్లాలు గెలిచిన పోరు కూడా తెర మీద ఉండదు, అయిపోయాక మిగిలిందే చూపిస్తాడు క్లిమోవ్. అంత కష్టపడి తవ్వి తెచ్చుకున్న తుపాకీని ఆ కుర్రాడు సినిమా చివరిదాకా పేల్చడు. కాబట్టి తుపాకీని వదిలేసి వాడి మొహాన్ని పట్టుకోండి.

దానికి మంచి ప్రాక్టీసు వాడు గ్లాషాతో కలిసి సొంతూరికి తిరిగొచ్చే సీను. ఇంట్లో ఎవరూ ఉండరు. సూప్ ఇంకా వెచ్చగానే ఉంటుంది, ఇద్దరూ తినడానికి కూర్చుంటారు. ఈగల రొద. నేల మీద చెల్లెళ్ల బొమ్మలు పడి ఉంటాయి. వాటిని చూసి కూడా వాడు ‘వాళ్లెక్కడ దాక్కున్నారో నాకు తెలుసు’ అంటూ పరిగెడతాడు. వెనకాల గ్లాషా పరిగెత్తుతూ ఒక్కసారి తల తిప్పుతుంది. ఆ ఇంటి గోడ వారగా ఏముందో మనకి కనిపించేది ఒకటి రెండు సెకన్లే, కళ్లు ఆర్పితే పోతుంది. వాడు చూడలేదు, ఆమె చూసింది, చూసి కూడా వెంటనే చెప్పదు. తర్వాత ఊబిలో మెడదాకా మునిగి ఈదుకుంటూ పోతున్నప్పుడు వాడి కళ్లలో చూడండి, తెలియకపోవడం కాదది, తనని తాను తెలుసుకోనివ్వకపోవడం. సైనికుల మనసుల మీద పది వ్యాసాలు చదివినా నాకు పట్టనిది ఆ ఊబిలో పట్టింది.

చివరి భాగంలో జర్మన్లు ఇంకో ఊరి జనాన్ని ఒక కొట్టంలోకి తోస్తారు. అక్కడ పాజ్ చేయాలనిపిస్తే చేయండి, ఆపేయాలనిపిస్తే ఆపేయండి, పందెం ఏమీ లేదు. కల్పనే కదా అని మాత్రం సర్దిచెప్పుకోకండి. 1943 మార్చి 22న బెలారస్‌లోనే ఖతీన్ అనే ఊళ్లో అలాగే జనాన్ని కొట్టంలోకి తోసి నిప్పు పెట్టారు, 149 మంది చనిపోయారు, అందులో 75 మంది పిల్లలు (పోలిష్ ఆఫీసర్లని చంపిన కతిన్ వేరు, పేర్లు కలిసి చాలామంది పొరబడతారు). కథ రాసినవాళ్లలో ఒకరైన అలెస్ ఆదమోవిచ్ కుర్రతనంలో ఆ బెలారస్ గెరిల్లాల్లో ఉన్నవాడే. క్లిమోవ్ చిన్నప్పుడు స్టాలిన్‌గ్రాడ్ తగలబడుతుంటే వోల్గా దాటి బయటపడ్డవాడు.

ఇంట్లో ఆర్మీలో చేసొచ్చిన మామయ్యో బాబాయో ఉంటే, ‘నిజంగా ఇలాగే ఉంటుందా’ అని అడగడానికి పక్కన కూర్చోబెట్టుకోకండి. వాళ్లంతట వాళ్లు చూస్తామంటే వేరే సంగతి.

అయిపోయాక వెంటనే రివ్యూలు వెతక్కండి, ఇంకో వీడియో పెట్టకండి. మర్నాడు మొదటి పది నిమిషాలు మళ్లీ వేయండి. తుపాకీ దొరికిన ఆనందంలో ఫ్ల్యోరా పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాడు, అక్కడ ఒక స్క్రీన్‌షాట్ తీయండి. చివర్లో వాడి మొహం నిండా ముడతలుంటాయి, అక్కడ ఇంకొకటి తీసి రెండూ పక్కపక్కన పెట్టుకోండి. మధ్యలో గడిచింది కొద్ది రోజులే.